నాలుగు ఎర్ర గింజలు

పుల్లన్న చెడ్డవాడంటే ధర్మవరంలో ఎవరూ ఒప్పుకోరు. తాగడు, పేకాట జోలికి పోడు, పెళ్ళాం మీద చెయ్యెత్తి ఎరగడు. మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. ఆ మాట మీద నిలబడే గుణమే ఆయన భార్య హనుమక్క పాలిట శాపమైంది. మొగుడు దుర్మార్గుడైతే వీధిలోకి వచ్చి నాలుగు తిట్టి కడుపు చల్లబరుచుకోవచ్చు. ఇట్లాంటి మంచి మనిషిని ఏమని తిట్టాలి? ఇరవై ఏళ్ళు ఆలోచించినా ఆమెకు ఒక్క తిట్టు దొరకలేదు పాపం.

వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం. నేల తవ్వి, ఆ గుంటలోకి కాళ్ళు దింపుకుని పుల్లన్న కూర్చునేవాడు. కిటికీ ఉన్నది ఒకటే, అది కూడా మూసే ఉంచాలి. ఆ కరువు గడ్డ మీద నీళ్ళు లేకపోయినా గాలికి కొదవ లేదు. ఆ గాలి దూరిందంటే పట్టు పోగులు పటపటా తెగుతాయి. పదహారో ఏట ఆ ఇంట్లో అడుగుపెట్టిన హనుమక్క పట్టు దారాన్ని కండెలకు చుడుతూ, తెగిన పోగులు అతుకుతూ ముప్పై ఆరుకు వచ్చింది. ఒక్కగానొక్క కూతుర్ని హిందూపురానికి ఇచ్చారు. ఇంట్లో మిగిలింది మొగుడు, పెళ్ళాం, మోకాళ్ళు పట్టేసిన అత్త ఓబమ్మ.

ఆ ఇంట్లో ఆకాశం కనబడే చోటు పెరడు ఒక్కటే. పది మూరల పొడవు, ఆరు మూరల వెడల్పు, చుట్టూ మట్టి గోడ, సందు వైపు చిన్న దిడ్డి తలుపు. బియ్యం కడిగిన నీళ్ళు పారబోసే వంకతో హనుమక్క రోజుకు ఏడెనిమిది సార్లు అక్కడికి పోయేది. బియ్యం కడిగేది ఒక్కసారే అయినా, నీళ్ళు మాత్రం కొంచెం కొంచెంగా పారబోసేది.

1983లో, చలి తగ్గుతున్న రోజుల్లో, పుల్లన్న సంగటి ముద్ద విరుస్తూ అన్నాడు: "పెరట్లో ఇంగో మగ్గం ఏస్తాండా. తాడిపత్రికి చెప్పి పంపినా. బండలు వచ్చేస్తే పైకప్పు కూడా అయిపోతాది."

"దాని మీద ఎవురు కూచుంటారు?" అడిగింది హనుమక్క.

"ఎవురేమిటి? నువ్వే. ఇరవై ఏండ్లుగా చూస్తాండావు కదా, చెయ్యి తిరిగేదానికి ఎన్నాళ్ళు పడతాది?"

కండెలు చుట్టే పని అయితే లేవచ్చు, కూర్చోవచ్చు, పెరట్లోకి పోయి రావచ్చు. గుంటలో దిగిన మనిషి చీర కోసేదాకా లేవదు. ఓబమ్మ ముప్పై ఏళ్ళు అట్లా కూర్చునే కదా ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నది! ఉన్న ఒక్క చోటినీ తవ్వి అందులోనే తనను దింపుతారా? బతికుండగానే గోతిలో పెడుతున్నారని హనుమక్కకు ఏడుపు వచ్చింది. ఏడుపు వచ్చిందని ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆ వారంలోనే వెంకటేశులు వచ్చాడు. పట్టు కోసం బెంగుళూరికి పోయి వచ్చే గుమాస్తా అతను. సంచిలోంచి ఒక చిన్న ప్యాకెట్టు తీసి ఇచ్చాడు. మీద నిగనిగలాడే కీరదోసకాయ బొమ్మ.

"అక్కా, నీకు పెరడంటే పిచ్చి కదా. విత్తనాల అంగడాయన ఊరికే ఇచ్చినాడు. హైబ్రీడు సౌతెకాయంట. నలభై దినాలకే కాయంట!"

కీరదోసను ఆ వైపు సౌతెకాయ అంటారు. నలభై రోజులనే మాట హనుమక్క చెవిలో గంటలాగా మోగింది. తాడిపత్రి బండలు రావడానికి నెలా పదిహేను రోజులు పడుతుందని అంతకు ముందు రోజే విన్నది. పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి మొగుడి మగ్గం ముందుకు పోయి నిలబడింది.

"ఇదో, నలభై అయిదు దినాలు ఆగు. ఆలోగా నా తీగకు కాయ నిలిస్తే పెరట్లో మగ్గం వద్దు. నిలవకపోతే నోరెత్తకుండా గుంటలో దిగుతా."

పుల్లన్న పడుగులో అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి ఆలోచించాడు. ఎట్లాగూ బండలు వచ్చేదాకా ఆగాల్సిందే. "సరే. మాట," అన్నాడు.

ఓబమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "పట్టు నేసే కొంపలో సౌతెకాయల మీద పందెమా! ఇంగ ఏమేం చూడల్లనో ఈ కండ్లతో!"

మధ్యాహ్నం హనుమక్క ప్యాకెట్టు చించి చాటలో పోసింది. ఇరవై గింజలు. పదహారు తెల్లవి, నాలుగు ఎర్రవి. ఎరుపంటే అట్లా ఇట్లా కాదు, కుంకుమలో దొర్లించినట్టు ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హనుమక్క పుట్టింది పట్టుకు రంగులు వేసే ఇంట్లో. వాళ్ళ నాయన కాగులోంచి తీసి ఆరబెట్టిన పట్టు లడి మీద పక్క రంగు చుక్క చింది పడితే చాలు, సావుకారు ఆ లడి మొత్తం తిప్పి పంపేవాడు. అందుకని చిన్నప్పటి నుంచీ ఆమెకు అప్పజెప్పిన పని మరకలు ఏరడం. ఎంత సన్న మరకైనా ఆమె కంటిని తప్పించుకోలేదు. వెంకటేశులు సంచిలో పట్టుతో పాటు రంగు పొడి పొట్లాలు కూడా వస్తాయని ఆమెకు తెలుసు. ఒక ఎర్ర గింజను తడి వేలితో రుద్దింది. వేలికి ఎర్రగా అంటుకుంది. ఇంకేం కావాలి? పొట్లం కారి గింజల మీద పడింది, అంతే! రంగులో కలిపే ఆమ్లం తగిలిన గింజ మొలవదు సరికదా, పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. నాలుగింటినీ ఏరి జాలాడిలో, అంట్లు తోమిన నీళ్ళు పోయే కాలువలో, పారేసింది. పారేసి, పెద్ద ప్రమాదం తప్పించానని సంతోషపడింది కూడా.

పదహారు గింజలూ పెట్టింది. బూడిద చల్లింది. కొళాయి మూడు రోజులకొకసారి వచ్చే ఊరిలో తీగలకు నీళ్ళంటే మాటలా? కూరలు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, చివరికి పెరట్లో ఓ మూల చాటు కట్టుకుని స్నానం చేసి ఆ నీళ్ళు కూడా పాదుల్లోకే మళ్ళించింది. తెగిన పట్టు పోగు ఒకటి తలుపు మేకుకు కట్టి, రోజుకొక ముడి వేసేది.

ఆరో ముడికి మొలకలు లేచాయి. ఇరవయ్యో ముడికి తీగలు పందిరి మీద చేతులు చాచాయి. ఇరవై తొమ్మిదో ముడికి పూలు! పసుపు పచ్చటి పూలు, ఒక్కో పువ్వు వెనకా పుట్టుకతోనే బుల్లి ముళ్ళ పిందె. హనుమక్క ఆనందం చెప్పనలవి కాదు. పుల్లన్నను రెక్క పట్టుకుని లాక్కుని వచ్చింది.

"పర్వాలేదే! గెలిచేటట్టే ఉండావే," అన్నాడు ఆయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మూడో రోజు నుంచి పిందెలు పండుబారాయి. కొనలు ముడుచుకుని, వేలు తగిలితే చాలు రాలిపోతున్నాయి. కొత్త పూలు వచ్చాయి, వాటి పిందెలూ రాలాయి.

"ఎవురో ఏలు పెట్టి చూపించినారు," అని తేల్చేసింది ఓబమ్మ. పిందెను వేలెత్తి చూపితే కుళ్ళిపోతుందని ఆ వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. చూపాలంటే వేలు మడిచి చూపాలి. ఓబమ్మ పాత చెప్పు కట్టింది, మసి కుండకు సున్నం బొట్లు పెట్టి బోర్లించింది. అయినా రాలాయి. పట్టు పోగుకు ముప్పై ఆరు ముళ్ళు పడ్డాయి. హనుమక్కకు పెరట్లోకి పోవడమే భయంగా ఉండేది.

చిత్రావతి ఇసుకలో చెలమలు తవ్వుకుని నాటు సౌతెకాయలు పండించే తిప్పయ్య రోజూ తెల్లవారి గంపతో ఆ వీధిన పోతాడు. ఆ రోజు అతన్ని ఆపింది.

"అన్నా, రవ్వంత లోపలికి రా. నా తీగకు ఏం రోగమో చూసి పో."

తిప్పయ్య గంప దించి పందిరి కింద గొంతుక్కూర్చున్నాడు. ఆకులు ఎత్తి చూశాడు. అటు చివర నుంచి ఇటు చివరకు వచ్చాడు. మళ్ళీ అటు పోయాడు.

"రోగం లేదు, పాడు లేదు. అమ్మా, నీ తోటలో పోతుపువ్వు ఒక్కటీ లేదు! అన్నీ పిందె పూలే. పోతుపువ్వు పొడి తగలకుంటే పిందె యాడ నిలుస్తాది? ఇట్లాంటి తీగ నా బతుకులో చూల్లేదు. పాకెట్టులో అన్నీ ఒకే మాదిరి ఇత్తనాలేనా?"

"నాలుగు ఎర్రవి ఉన్న్యాయి," అంది హనుమక్క. "రంగు పడిందని పారేస్తి."

తిప్పయ్య లేచి గంప ఎత్తుకున్నాడు.

సాయంత్రం పట్టు దించడానికి వచ్చిన వెంకటేశులు చేత ప్యాకెట్టు వెనక ఉన్న ఇంగ్లీషు చదివించింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి అతను నాలుక కరుచుకున్నాడు. ఎర్ర గింజలే పోతుపూల గింజలు. గుర్తు కోసం కంపెనీ వాళ్ళే రంగు వేశారు. తప్పకుండా మధ్య మధ్యలో నాటాలని రాసి ఉంది.

"ఇది ముందే చదివి చెప్పకూడదా నాయనా!"

"నువ్వు అడగలే కదక్కా."

హనుమక్క రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. జాలాడి కాలువలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవింది. పాచి తప్ప ఏమీ రాలేదు. ఊరంతా మెచ్చుకున్న కళ్ళు! ఎంత సన్న మరకైనా పట్టే కళ్ళు! అవే తనను ముంచాయి. మిగిలింది తొమ్మిది రోజులు.

మరుసటి రోజు తెల్లవారి తిప్పయ్య గంపలో, తడిపిన ఆముదపాకులో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. విప్పితే అతని తోటలోని నాటు సౌతె పోతుపూలు.

"రేకులు గిల్లెయ్. లోపలి పొడి ఉండాది చూడు, దాన్ని పిందె పువ్వు లోపల మెల్లగా రాయల్ల. బిడ్డకు కాటుక పెట్టేటట్టు. ఎండ ఎక్కితే పనికిరాదు, బిరీన కానీ."

తెగిన పట్టు పోగు అతికే వేళ్ళు కదా, రెండు పూలకే పని పట్టుబడింది. అట్లా రోజూ తిప్పయ్య పొట్లం తెచ్చాడు, రోజూ ఆమె రాసింది. నలభై ఒకటో ముడి నాటికి మూడు పిందెలు రాలకుండా నిలిచాయి. నలభై అయిదో నాటికి వేలంత అయ్యాయి. ముళ్ళు, నిగారింపు, పచ్చదనం అన్నీ వచ్చాయి.

ఆ రోజే బండల బండి వచ్చింది. మేస్త్రీ మారెప్ప గడ్డపార భుజాన వేసుకుని పెరట్లో నిలబడ్డాడు. పుల్లన్న వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, మూడు కాయలనూ మార్చి మార్చి చూశాడు.

"వీటిని కాయలంటారా రా? పిందెలంటారు," అంది ఓబమ్మ.

"నిలిస్తే అనే కదా మాట. నిలిచినాయి," అన్నాడు పుల్లన్న. "మాట మాటే. పెరడు జోలికి నేను రాను."

హనుమక్కకు కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఆ క్షణంలో మొగుడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, ఆయన కాళ్ళు మొక్కినా మొక్కేదే. ఆయన మారెప్ప వైపు తిరిగాడు.

"పెరట్లో వద్దప్పా. వసారాలో తోడు గుంట. పైకప్పు ఖర్చు కూడా తప్పిపోయె."

వసారా అంటే వంటింటికీ పెరటికీ నడుమ ఉన్న దారి. హనుమక్క పెరటి తలుపు వంక చూసింది.

"ఆడ మగ్గం పెడితే పెరటి తలుపు తెరుచుకోదు కదయ్యా?"

"సందులోంచి చుట్టూ తిరిగి పోతే పోలేమా? పెరడు నీదే. ఎవురు కాదన్న్యారు?"

ఏ తప్పు పడతారు? ఇచ్చిన మాట గింజంత కూడా తప్పలేదు ఆయన.

ఉగాది వెళ్ళగానే హనుమక్క గుంటలో దిగింది. ఆమె ముందు నిలువు పోగుల పడుగు, ఆ వెనక మూసిన పెరటి తలుపు. పలకల సందుల్లోంచి వెలుగు గీతలుగా పడేది. గీతలు నేల మీద జరిగే తీరును బట్టి పొద్దు ఎంత అయిందో ఆమెకు తెలిసేది. నడుము పట్టేసేది, కాళ్ళు మొద్దుబారేవి. అన్నిటికంటే ఆ తలుపు మీద ఆమెకు కోపంగా ఉండేది.

అయితే తీగలకు పోతుపూలు లేవు కదా. రోజూ తెల్లవారి ఎవరో ఒకరు పొడి రాయకపోతే కాయ నిలవదు. ఓబమ్మ చేతులు వణుకుతాయి. ఉప్పూ కారం అద్దుకుని ఆ కాయలు తిన్న పుల్లన్నకు వాటి రుచి నాలుకకు పట్టింది.

"ఆ పూల పని నీకే తెలుసు. పొద్దున్నే అరగంట పోయి రా," అన్నాడు.

అప్పటి నుంచి తిప్పయ్య కేక వినబడగానే హనుమక్క గుంటలోంచి లేచేది. ఆముదపాకు పొట్లం పట్టుకుని సందు చుట్టూ తిరిగి పెరట్లోకి పోయేది. పూలకు పొడి రాయడం పది నిమిషాల పని. మిగిలిన ఇరవై నిమిషాలూ ఆమె ఏమీ చేసేది కాదు. పందిరి పక్కన నిలబడి గాలి పీల్చుకునేది, అంతే. ఆ ఇరవై నిమిషాల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎండలు ముదిరి తీగలు మాడిపోయేదాకా అట్లా జరిగింది.

మరుసటి ఏడు వెంకటేశులు మళ్ళీ ప్యాకెట్టు తెచ్చాడు. ఒకసారి చేసిన తప్పు మళ్ళీ చేస్తుందా హనుమక్క? ఎర్ర గింజలు నాలుగూ నాలుగు మూలలా పెట్టింది. పోతుపూలు గుత్తులు గుత్తులుగా పూశాయి. తేనెటీగలు వచ్చాయి. నలభయ్యో రోజుకు కాయలు గంపలకెత్తాయి. వీధి వీధంతా వచ్చి చూసింది. హనుమక్క చెయ్యి మంచిదన్నారు. ఆమె కూడా నాలుగు రోజులు పొంగిపోయింది.

అయిదో రోజు తిప్పయ్య కేక విని ఆమె లేవబోతే పుల్లన్న అన్నాడు: "ఇంగ నువ్వు పోయే పని తప్పిపోయింది కదా. ఈగలే చూసుకుంటాండాయి. నీళ్ళకు అమ్మ పోతాది. ఆ అరగంట కూచుంటే రెండు వేళ్ళ మందం నేత పడతాది."

కసిరి చెప్పలేదు, మెల్లగానే చెప్పాడు. ఊరికే అక్కడ నిలబడాలని ఉందంటే ఆ ఇంట్లో అది ఒక కారణమేనా? మళ్ళీ గుంటలోకి కాళ్ళు దింపింది.

ఆ వేసవి అంతా తలుపు అవతలి నుంచి చెంబు చప్పుడు వినబడేది, "ఇదో, ఇంగోటి! ఓయమ్మ, ఇది చూడు ఎంత ఉండాదో!" అని అత్త గొంతు వినబడేది. ఓబమ్మ కాయ తరిగి, ఉప్పూ కారం చల్లి, మగ్గం దగ్గరికే తెచ్చి ఇచ్చేది. తను ఒకప్పుడు నీళ్ళు దాచి దాచి పెంచిన తీగ. ఇప్పుడు దానికి తనతో పని లేదు. హనుమక్క ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

"ఏమిటికే ఏడుస్తాండావు?"

"కారం ఎక్కువైంది అత్తా."

మూడో ఏడు, 1985లో, ప్యాకెట్టు వచ్చినప్పుడు హనుమక్క మగ్గం మీదే ఉంది. ఓబమ్మ గింజలు పెట్టడానికి బయలుదేరింది.

"అత్తా, చాటలో పోసి ఇట్లా ఇయ్యి. పుచ్చులు ఏరి ఇస్తా."

తలుపు సందు వెలుగులో చాట పెట్టుకుంది. ఇరవై గింజలు. ఆ కళ్ళకు ఏరడం ఎంతసేపు? ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ ఎడమ పిడికిట్లోకి పోయాయి. చాట అత్తకు అందించింది.

ఓబమ్మ చాట వంక చూసింది. "ఈ తూరి ఎర్రవి లేవే?"

"రాలేదత్తా ఈ తూరి."

ఓబమ్మ కోడలి పిడికిలి వంక చూసింది. చెమటకు తడిసి వేళ్ళ సందుల్లోంచి ఎరుపు కారుతోంది. ఓబమ్మ చాట కింద పెట్టి, గోడ పట్టుకుంటూ పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"చెయ్యి కడుక్కో. పట్టుకు అంటుకుంటాది," అంది.

తనే పళ్ళెం పట్టి నీళ్ళు పోసింది. నాలుగు గింజలూ పళ్ళెంలో పడ్డాయి. ఆ పళ్ళెం తీసుకుపోయి జాలాడిలో వంచి, గింజలు కాలువ దాటి పోయేదాకా ఇంకో చెంబు నీళ్ళు కుమ్మరించింది. ఆ నీళ్ళ కరువులో!

నెల తిరిగింది. ఒక పొద్దున పుల్లన్న సందు తిరిగి పెరట్లోకి పోయి చూసి, చిరాకు పడుతూ వచ్చాడు.

"ఏమ్మే, పిందెలన్నీ రాలిపోతాండాయి. ఈ తూరి మళ్ళా పోతుపూలు లేవంట, అమ్మ చెప్పింది. దినామూ పొద్దున నువ్వే పోయి చూసుకోవల్ల."

వీధిలో తిప్పయ్య కేక వినబడింది. హనుమక్క నాడె పక్కన పెట్టింది.

"సరేలే, పోతాలే," అంది విసుక్కుంటున్నట్టు.